రెండు బకెట్ల వేడినీళ్ళు

ఆ రోజు ఉదయానికి ప్రెస్సు మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. అయిదున్నరకు లేవాలి. భార్య స్నానాలకని కాచిపెట్టిన రెండు బకెట్ల నీళ్ళూ మోసుకుని చప్పుడు కాకుండా మెట్లెక్కాలి. పై వాటా గుమ్మం పక్కన గోడకు ఆనించిన రెండు సంచుల మూతులు విప్పి, ఒక్కోదాంట్లో ఒక్కో బకెట్టు గుమ్మరించాలి. మూతులు ఎప్పటిలా కట్టేసి, కిందికొచ్చి, ఏమీ ఎరగనివాడిలా పేపరు చదువుకోవాలి. ఆవిడ అయిదింటికే లేచి నీళ్ళు కాచి, పాలకోసం వీధి చివరిదాకా వెళ్తుంది. తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పథకానికి పది నిమిషాలు చాలు.

చన్నీళ్ళయినా ఆ పని జరిగేదే. కానీ ఆ ఇంట్లో తెల్లవారుజామున కుళాయి తిప్పితే గొట్టాలన్నీ కలిసి మూలుగుతాయి, పై వాటా మొత్తం లేచి కూర్చుంటుంది. వేడినీళ్ళు మాత్రం ఎదురుగా సిద్ధంగా ఉన్నాయి. పొగలు కక్కుతున్నాయి కూడా.

ఇంతకీ ఆ సంచుల్లో ఉన్నది గడ్డి. వట్టి వరిగడ్డి. అంగుళం పొడవున కోసి, జల్లించి, కణుపులు ఏరేసిన గడ్డి. దాని మీద ఒక పెద్దమనిషికి అంత కక్ష ఎందుకంటే, అది తోడల్లుడి గడ్డి కనుక.

మేస్త్రి ఇరవై రెండేళ్ళుగా ఊరి చివర ఫ్యాక్టరీలో పార్టికల్ బోర్డు ప్రెస్సు నడుపుతున్నాడు. కలప తునకలకు జిగురు కలిపి, పరుపులా పరిచి, కాలుతున్న రెండు ఇనప పలకల మధ్య నొక్కితే బల్లలకూ బీరువాలకూ పనికొచ్చే చెక్క తయారవుతుంది. ఎంతసేపు నొక్కాలో ఆయన గడియారం చూడడు. ఆవిరి చప్పుడు విని చెబుతాడు. ఆ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు ఆయనే చెబుతాడు.

మూడేళ్ళ కిందట మరదలి భర్త, అంటే ఆ ఇంటి చిన్నల్లుడు, ఖాళీగా ఉంటే, యజమానికి చెప్పి ల్యాబులో చేర్పించింది కూడా ఆయనే. ఆ పొరపాటు రోజుకు రెండుసార్లు గుర్తుకొస్తుంది. ఆ చిన్నల్లుడు కుదురుగా ఉండక, పొలాల్లో తగలబెట్టే గడ్డీ, పత్తి కట్టెలూ, పొద్దుతిరుగుడు కాడలూ కలపకు బదులు వాడొచ్చని యజమాని చెవిలో వేశాడు. అప్పటి నుంచి యజమానికి మేస్త్రిని చూస్తే పాత యంత్రం గుర్తొస్తోంది, చిన్నల్లుణ్ణి చూస్తే భవిష్యత్తు గుర్తొస్తోంది.

అదైనా ఓర్చుకునేవాడేమో. కానీ అసలు దెబ్బ మామగారి దగ్గర తగిలింది.

మామగారు నలభై ఏళ్ళు వడ్రంగం చేసి మానుకున్న మనిషి. చిన్నకూతురితో పై వాటాలో ఉంటున్నాడు. పెద్దల్లుడు చేసే బోర్డును ఆయన ఏనాడూ ముట్టుకోలేదు. "పొట్టు" అనేవాడు, అంతే. అలాంటి మనిషి ఆరు నెలల కిందట, చిన్నల్లుడు తెచ్చిన గడ్డి బోర్డుతో తన చేత్తో పుస్తకాల అర చేశాడు. చేసి, దాని మీద అరచెయ్యి ఆనించి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నెమ్మదిగా రాసి, "బాగుంది" అన్నాడు. మేస్త్రి గుమ్మంలోనే ఉన్నాడు. ఇరవై రెండేళ్ళలో తనకు దక్కని మాట ఆ గడ్డికి దక్కింది. ఆ రోజు ఆయనకు అన్నం సహించలేదు. ఆ తరవాత ఏ పని మీద పైకి వెళ్ళినా ఆ అర వంక చూడకుండా గోడ వంక చూసి మాట్లాడేవాడు.

ఇప్పుడు ఆ గడ్డికి పరీక్ష. బడులకు బెంచీలు సరఫరా చేసే ఒకావిడ ఎల్లుండి వచ్చి, తన కళ్ళముందే బోర్డు చేయించి చూస్తానంది. నచ్చితే కొత్త లైను పెడతారట. దానికి చిన్నల్లుడు ఇన్‌చార్జి అవుతాడట. ఫ్యాక్టరీ యార్డులో చెమ్మ ఎక్కువని చిన్నల్లుడు గడ్డి ఇంటికి తెచ్చుకుని, రాత్రి భోజనాలయ్యాక మామగారితో, భార్యతో కలిసి కణుపులు ఏరాడు. పైనుంచి నవ్వులు వినిపించినప్పుడల్లా మేస్త్రి లేచి కిటికీ తలుపు ఇంకాస్త దగ్గరగా లాగాడు. తడిసిన తునకలు ప్రెస్సులో పడితే లోపల ఆవిరి చేరి బోర్డు నడిమికి విచ్చుకుంటుంది. అది ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. బోర్డు విచ్చుకున్నప్పుడు తను చేతులు కట్టుకుని నిలబడి, "పాపం" అనాలి. ఆ మాట ఏ గొంతుతో అనాలో కూడా రాత్రే అనుకుని పెట్టుకున్నాడు.

పథకం అచ్చు అనుకున్నట్టే జరిగింది. సంచుల లోపల ప్లాస్టిక్ తొడుగు ఉండటంతో ఒక్క చుక్క కూడా బయటికి కారలేదు. నీళ్ళు గడ్డిలోకి ఇంకుతూ సన్నగా సణిగాయి. ఆయన మూతులు కట్టి కిందికొచ్చి పేపరు అందుకున్నాడు.

భార్య పాలతో తిరిగొచ్చింది. స్నానాలగదిలోకి తొంగిచూసి, ఖాళీ బకెట్లు చూసింది.

"స్నానం అయిందా?"

"అయింది."

"రెండు బకెట్లతోనా?"

"ఉక్కగా ఉంది."

"ఉక్కగా ఉంటే రెండు బకెట్ల వేడినీళ్ళు పోసుకున్నారా?"

మేస్త్రి పేపరు మొహానికి మరింత దగ్గరగా పెట్టుకున్నాడు. ఆవిడ ఆయన తల వంక ఒకసారి చూసి, కాఫీ పెట్టడానికి వెళ్ళింది.

ఏడు గంటలకు యజమాని ఫోను చేశాడు.

"మేస్త్రీ, పరీక్ష ఎల్లుండి కాదు, ఇవాళే. బెంచీలావిడ మూడింటికి వస్తోంది. మీ తోడల్లుడికీ చెప్పాను."

"మంచిదండీ," అన్నాడు మేస్త్రి. నిజంగానే మంచిదనిపించింది. గడ్డి ఆరడానికి అతనికి ఒక్క రోజైనా మిగలదు.

"ఇంకోమాట. మనకు కలప లారీలు ఇక రావు. తోటలవాళ్ళు అంతా కాగితం మిల్లుకే రాసిచ్చేశారట. యార్డులో ఉన్నది పదిరోజులకు వస్తుంది. తరవాత నీ ప్రెస్సుకు గడ్డే దిక్కు. ఇవాళ బోర్డు నిలబడిందా, సరే. లేదా, ప్రెస్సు విప్పి పాత ఇనుముకు పంపించేయడమే. నాకూ బాధగానే ఉందయ్యా."

మేస్త్రి ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "వేరే గడ్డి ఏమన్నా ఉందాండీ?"

"ఎక్కడిది? ఏరి సిద్ధం చేసింది ఆ రెండు సంచులే. మీ ఇంట్లోనే ఉన్నాయిగా. జాగ్రత్తగా చూసుకోండి."

తను పొద్దున్నే లేచి, చల్లగా మెట్లెక్కి, తన ప్రెస్సు నెత్తినే వేడినీళ్ళు పోసి వచ్చాడన్నమాట. ఇరవై రెండేళ్ళ ప్రెస్సు. దాని ఆవిరి చప్పుడు నిద్రలో కూడా వినగలడు. అది ముక్కలై లారీ ఎక్కుతున్నట్టు కళ్ళకు కట్టింది. కప్పులో కాఫీ అలాగే వదిలేసి ఆయన మెట్లెక్కాడు.

చిన్నల్లుడు స్నానాలగదిలో ఉన్నాడు. మామగారు పెరటి వైపు నడకలో ఉన్నాడు. సంచులు ఇంకా చేతికి చుర్రుమంటున్నాయి. వాటిని ఒక్కొక్కటే గుండెలకు హత్తుకుని కిందికి దింపాడు. అంతటితో ఆగితే బాగుండేది. కానీ చిన్నల్లుడు బయటికొచ్చి సంచులు లేవంటే వెంటనే గొడవ అవుతుంది. స్కూటరు తుడుచుకోవడానికి ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న ఖాళీ సంచులు రెండు గుర్తొచ్చాయి. భార్య ఎవరికో ఇద్దామని కట్టిపెట్టిన పాతబట్టల మూట కనిపించింది. అయిదు నిమిషాల్లో పాత కర్టెన్లూ, తన చారల పైజామాలూ, మామగారి చిరుగు కోటూ రెండు సంచుల్లోకి కూరి, మూతులు కట్టి, పైన యథాస్థానంలో నిలబెట్టాడు.

ఎనిమిదింటికి చిన్నల్లుడు సంచులు స్కూటరు మీద కట్టుకుంటూ కనిపించాడు. మొహం పాలిపోయి ఉంది. గర్వం ఎక్కువైతే కొందరికి అలాగే ఉంటుందని మేస్త్రి అనుకున్నాడు.

"సంచులు తేలికయ్యాయి అన్నయ్యా. బాగా ఆరినట్టున్నాయి."

"గాలికి," అన్నాడు మేస్త్రి.

స్కూటరు మలుపు తిరగగానే ఆయన తలుపు వేసి, అసలు సంచులు బోర్లించాడు. గోధుమరంగు నీళ్ళు కారాయి. మెత్తగా ఉడికిన గడ్డి కుప్పగా పడింది. పడకగదిలో మంచం మీదా, హాల్లో నేల మీదా పరిచి, ఇంట్లో ఉన్న మూడు ఫ్యాన్లూ తిప్పాడు. తడి గడ్డి కదల్లేదు. పైన ఉన్న కాస్త ఆరిన గడ్డి మాత్రం గదంతా లేచింది. భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఇదేమిటండీ?"

"గడ్డి."

ఆవిడ మంచాన్ని చూసింది. పొగలు వస్తున్న గడ్డిని చూసింది. ఆయన పొడి తలను మరోసారి చూసింది. ఏదో అనబోయేంతలో మామగారు కాఫీకని లోపలికొచ్చాడు. ఆయన కనుబొమ్మల మీద రెండు గడ్డి పరకలు వాలాయి.

"ఏమిటల్లుడుగారూ ఇది?"

మేస్త్రి ఫ్యాను వంక చూశాడు. భార్యే అందుకుంది. "మరిదిగారికి సాయం చేస్తున్నారు నాన్నా. గడ్డిని వేడినీళ్ళతో కడిగారు. మూడింటికల్లా ఆరబెట్టాలట."

ఆ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో మేస్త్రికి అర్థం కాలేదు. అయినా కాదనే దారి లేదు. మామగారు ఆయన వంక చాలాసేపు చూశాడు. తరవాత వంగి గుప్పెడు గడ్డి తీసి వేళ్ళ మధ్య నలిపాడు. "రాత్రి ఏరుతుంటే చేతిలో నిలవలేదు. మైనం రాసినట్టు జారింది. ఇప్పుడు వేలికి పట్టుకుంటోంది." అని చొక్కా చేతులు మడిచి నేల మీద కూర్చున్నాడు. ఆ మాట మేస్త్రి బుర్రలోకి వెళ్ళలేదు. రాత్రి ఏరుతూ వీళ్ళు నవ్వుకున్న నవ్వులు మాత్రం మళ్ళీ చెవిలో మోగాయి.

పదింటిదాకా ముగ్గురూ చెయ్యని పని లేదు. గడ్డిని దుప్పట్లో చుట్టి ఇద్దరు రెండువైపులా పట్టుకుని పిండారు. మూకుట్లో వేసి వేయించారు. ఇస్త్రీపెట్టెతో రుద్దితే ఒక పిడికెడు మాడి, ఇల్లంతా కమురు వాసన కొట్టింది. పదకొండింటికి లెక్క చూస్తే సగం కూడా ఆరలేదు.

"వీధి మొదట్లో లాండ్రీ ఉందిగా," అన్నాడు మామగారు. "అక్కడ బట్టలారబెట్టే మిషను ఉంది. ఇంత పెద్దది."

లాండ్రీ ఆయన పద్ధతి తెలిసిన మనిషి. కళ్ళజోడు సవరించుకుని రసీదు పుస్తకం తీశాడు.

"ఉతకాలా, ఆరబెట్టడమేనా?"

"ఆరబెట్టడమే," అన్నాడు మేస్త్రి.

"గంజి?"

"వద్దు."

"ఇస్త్రీ?"

"కొంచెం ఇంట్లో అయింది," అంది మేస్త్రి భార్య.

"రకం, గడ్డి. ఎన్ని?" అన్నాడాయన, కలం ఆపి. "సంఖ్య లేకుండా నేను తీసుకోను. తరవాత వచ్చి ఒకటి తక్కువైందంటారు."

మామగారు చాలా ఓపిగ్గా, ఒక్కటి కూడా తక్కువైందని అడగబోమని రాసి సంతకం పెట్టాడు. మిషను తిరగడం మొదలైంది. గాజు తలుపులోంచి తిరుగుతున్న గడ్డిని ముగ్గురూ స్టూళ్ళ మీద కూర్చుని చూశారు.

ఈలోగా ఫ్యాక్టరీలో చిన్నల్లుడు యజమాని ఎదురుగా సంచి మూతి విప్పాడు. మొదట చారల పైజామా వచ్చింది. తరవాత కర్టెను. తరవాత కోటు, దాని జేబులోంచి దువ్వెన. రెండో సంచిలో కూడా అదే సరుకు. దుమ్ము లేచి యజమాని తెల్లచొక్కా మీద పడింది. చిన్నల్లుడు ఇంటికి ఫోను చేస్తే అతని భార్య కింది వాటాకు పరిగెత్తింది. తలుపు తీసి ఉంది. మనుషులు లేరు.

"బావగారి మంచం నిండా మన గడ్డి పరకలేనండీ," అని చెప్పిందామె.

చిన్నల్లుడికి మిగతాదంతా తనంతట తనే అర్థమైపోయింది. అన్నయ్య గడ్డి కాజేశాడు. దాంతో తనే బోర్డు చేసి పేరు కొట్టేస్తాడు. ఆ ఆలోచనతో అతని మొహం పైజామా చారల్లా ఎర్రగా, తెల్లగా మారింది. సరిగ్గా అప్పుడే బెంచీలావిడ, చెప్పిన వేళకు గంట ముందుగా, లోపలికొచ్చింది. వెనకాలే ఆమె కారు డ్రైవరు వచ్చాడు. అతను తలుపులోంచి రావడానికి కొంచెం పక్కకు తిరగాల్సి వచ్చింది. అంత మనిషి.

ఆవిడ బట్టల కుప్పను ఒక చుట్టు తిరిగి చూసింది. "పాతబట్టలతో కూడా చేస్తున్నారా? చెప్పలేదే. మంచి ఆలోచన." చేతిసంచిలోంచి పుస్తకం తీసి రాసుకుంది. కాదని చెప్పడానికి యజమానికి ధైర్యం చాలలేదు.

మూడింటికి పది నిమిషాలుండగా లాండ్రీ వ్యాను గేటులోకొచ్చింది. ముందు సీట్లో మామగారు, వెనక గడ్డి సంచుల మధ్య మేస్త్రీ, ఆయన భార్యా. ఎలాగూ వస్తున్నాను కదా అని లాండ్రీ ఆయన యజమాని చొక్కాలు కూడా పట్టుకొచ్చాడు. గడ్డి తరవాత అదే మిషన్లో ఆరిన చొక్కాలు. దుమ్ముకొట్టుకున్న యజమాని వాటిలో ఒకటి లాక్కుని, గదిలోకి వెళ్ళి తొడుక్కొచ్చాడు.

చిన్నల్లుడు మేస్త్రిని పక్కకు పిలిచాడు. "ఎందుకు చేశారన్నయ్యా ఈ పని?"

"తరవాత చెబుతా. ముందు జిగురు కలుపు," అన్నాడు మేస్త్రి.

జిగురు కలిసింది. పరుపు పరిచారు. ఇనప పలకలు దగ్గరకొచ్చి మూసుకున్నాయి. మేస్త్రి మీట మీద చెయ్యి వేసి, తల కొంచెం వంచి వినడం మొదలుపెట్టాడు. గడ్డి చప్పుడు కలప చప్పుడులా లేదు. సన్నగా, తొందరగా ఉంది. లోపల ఇంకా కాస్త చెమ్మ ఉందని చెబుతోంది. ఆయన పలకలను వెంట్రుకవాసి సడలించి, ఆవిరి పోనిచ్చి, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ సడలించాడు. ఆ అయిదు నిమిషాలూ ఆయనకు తోడల్లుడు గుర్తు రాలేదు, మామగారు గుర్తు రాలేదు. చిన్నల్లుడు మాత్రం బోర్డును చూడటం మానేసి ఆ చేతినే చూస్తున్నాడు.

బోర్డు బయటికొచ్చింది. విచ్చుకోలేదు. చల్లారాక రెండు స్టూళ్ళ మీద వంతెనలా పెట్టారు. బెంచీలావిడ డ్రైవరుకు సైగ చేసింది. అతను బూట్లు విప్పి, దాని మీదికెక్కి నిలబడ్డాడు. బోర్డు కొంచెం వంగి ఆగింది.

"ఒకసారి ఎగురు," అందావిడ.

"ఇది నా ఉద్యోగంలో లేదండీ," అని, అయినా ఎగిరాడు. షెడ్డు దద్దరిల్లింది. బోర్డు అలాగే ఉంది.

"పోయినసారి నువ్వు పంపిన ముక్క నా చేతిలోనే విరిగింది కదయ్యా," అని బెంచీలావిడ చిన్నల్లుడి వైపు తిరిగింది. "ఇప్పుడేం చేశావు?"

చిన్నల్లుడు యజమాని వంక చూశాడు. యజమాని వీపు గోక్కోవడం ఆపి, కాలరులో చెయ్యి పెట్టి, ఒక గడ్డి పరక బయటికి తీశాడు. ఆ పరకను లాండ్రీ ఆయనకు చూపించాడు. లాండ్రీ ఆయన మేస్త్రిని చూపించాడు. అందరి కళ్ళూ మేస్త్రి మీదికి మళ్ళాయి.

"వేడినీళ్ళు పోశాను," అన్నాడు మేస్త్రి.

"అదీ సంగతి," అన్నాడు మామగారు. "గడ్డి మీద మైనం ఉంటుంది. అందుకే జిగురు అంటుకోక విరిగిపోయేది. వేడినీళ్ళకు మైనం కరిగిపోయింది. నేను పొద్దున్నే వేళ్ళతో చూశాను."

"ఆ ఆలోచన ఎలా వచ్చింది మీకు?" అంది బెంచీలావిడ, కలం పట్టుకుని.

మేస్త్రికి ఆ రోజు పొద్దున్నుంచి ఆడిన అబద్ధాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇక చాలనిపించింది. "కుళ్ళుతో వచ్చిందండీ. తోడల్లుడి బోర్డు పాడైపోవాలని, తెల్లారకుండా లేచి, అతని గడ్డి మీద రెండు బకెట్ల వేడినీళ్ళు పోశాను. ప్రెస్సు పోతుందని తెలిశాక భయపడి ఆరబెట్టాను."

బెంచీలావిడ రాయడం ఆపింది. తరవాత నవ్వింది. యజమాని నవ్వాడు. డ్రైవరు బూట్లు తొడుక్కుంటూ నవ్వాడు. "ఇంత చేసి కూడా పేరు తనకు వద్దంటున్నాడు చూశారా," అన్నాడు యజమాని. "మా మేస్త్రి ఎప్పుడూ ఇంతేనండీ."

మేస్త్రి ఎప్పుడూ ఇంతే కాదని అందరికంటే బాగా తెలిసిన భార్య కూడా నవ్వుతోంది. చిన్నల్లుడు ఒక్కడే నవ్వలేదు. వచ్చి మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీరంత మాటన్నాక నేను దాచడం బాగుండదన్నయ్యా. నేను చేసిన గడ్డి బోర్డు ఇంతవరకూ ఒక్కటీ నిలబడలేదు. ల్యాబులో చిన్న ప్రెస్సు మీద ఆరు చేశాను, ఆరూ విరిగాయి. పొద్దున ఫోను రాగానే నా పని అయిపోయిందనుకున్నాను. మీరు ఆవిరి చప్పుడు వింటే చాలు, బోర్డు వచ్చేస్తుంది. నేను పుస్తకాలన్నీ చదివినా రాదు. మిమ్మల్ని చూస్తే ఒళ్ళు మండిపోయేది."

"నన్ను చూస్తేనా?" అన్నాడు మేస్త్రి. తనను చూసి కూడా ఒకరికి ఒళ్ళు మండుతుందని తెలిసి ఆయనకు ఆ రోజు మొదటిసారి సంతోషం కలిగింది.

"అందుకే ఇంకో తప్పు చేశాను. మామయ్యగారు అర చేశారే, అది గడ్డి బోర్డు కాదు. గడ్డిది విరిగిపోతే, మీ ప్రెస్సు దగ్గర ఉన్న కలప బోర్డు తెచ్చి నాదని చెప్పాను. అది మీ బోర్డేనన్నయ్యా."

మేస్త్రి చిన్నల్లుడి చెయ్యి వదిలేశాడు. ఆరు నెలలుగా కంట్లో నలుసైన ఆ అర తనదే. ఆరు నెలలుగా తను మొహం తిప్పుకున్నది తన బోర్డును చూసే. మామగారు అరచెయ్యి రాసింది తన బోర్డు మీదే. ఆ "బాగుంది" తనదే. ఆయన నెమ్మదిగా మామగారి వైపు తిరిగి, ఆ మాట మళ్ళీ వినడానికి ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

మామగారు గడ్డం రాసుకున్నాడు.

"గడ్డితో చేశారనుకుని బాగుందన్నాను," అన్నాడు. "కలపతో చేసినప్పుడు ఆ మాత్రం ఉండకపోతే ఎలా?"

ఆ తరవాత యజమాని ఆలస్యం చెయ్యలేదు. కొత్త లైనుకు మేస్త్రినే ఇన్‌చార్జిని చేశాడు. గడ్డి నానబెట్టడానికి నాలుగు వేడినీళ్ళ తొట్లు కట్టించాడు. పక్కన అద్దాల గది, అందులో కుర్చీ, టేబులు, తిరిగే ఫ్యాను ఏర్పాటయ్యాయి. బెంచీలావిడ పాతబట్టల బోర్డు ఎప్పుడిస్తారని రెండుసార్లు ఫోను చేసింది. చిన్నల్లుడు తనకు ప్రెస్సు నేర్పమని ప్రాధేయపడి, మేస్త్రి దగ్గరే నేర్చుకుని, మీట దగ్గరికి చేరాడు. ఎవరు కోరుకున్నది వాళ్ళకు దొరికిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. వారంపాటు మేస్త్రి కూడా అలాగే అనుకున్నాడు.

తొట్లలో చూడటానికి ఏమీ ఉండదు. గడ్డి వేస్తారు, నానుతుంది, తీస్తారు. మామగారు మాత్రం రోజూ మధ్యాహ్నం ఫ్యాక్టరీకి వస్తున్నాడు. వచ్చి, అద్దాల గది వైపు ఒకసారి తల ఊపి, నేరుగా ప్రెస్సు దగ్గరికి వెళ్ళి నిలబడుతున్నాడు. చిన్నల్లుడు తల వంచి ఆవిరి చప్పుడు వింటాడు. అచ్చు తను నేర్పినట్టే వింటాడు. మేస్త్రి అద్దంలోంచి చూస్తూ ఉంటాడు.

మూడో వారంలో ఒకరోజు ప్రెస్సు తెరుచుకుని బోర్డు బయటికి జారింది. మామగారు వంగి, దాని మీద అరచెయ్యి ఆనించి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నెమ్మదిగా రాశాడు. తరవాత చిన్నల్లుడి భుజం తట్టి ఏదో అన్నాడు. షెడ్డు చప్పుడులో మాట వినిపించలేదు. పెదవుల కదలిక మాత్రం మేస్త్రికి బాగా తెలిసిందే. ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు.

మర్నాడు అయిదున్నరకే మెలకువ వచ్చింది. వంటింట్లో దీపం వెలుగుతోంది. పాలు ఇంటికే తెప్పించుకోవడం మొదలుపెట్టి మూడు వారాలైన భార్య, స్టవ్ ముందు స్టూలు వేసుకుని కదలకుండా కూర్చుని ఉంది.

"నీళ్ళు కాగాయా?" అన్నాడు మేస్త్రి.

"కాగాయి," అందావిడ. "ఒక బకెట్టా, రెండా?"